పుక్కట్ల పందెం: రేటు సరే, లిమిట్ ఎవనికి?

ఈ నడుమ నాకొచ్చే మెసేజ్‌లల్ల ఒక ప్రశ్న మళ్ల మళ్ల కనబడుతున్నది. "అన్నా, బెట్టింగ్ అంటే మునుగుడే అని నువ్వు రాస్తవ్. మరి మ్యాచ్డ్ బెట్టింగ్‌ల నష్టమే ఉండదంటున్నరు, ఇంగ్లండ్‌ల మనోళ్లు నెలనెలా సంపాదిస్తున్నరంట. నిజమేనా?" అడిగేటోళ్లు జులాయిలు కాదు. డిగ్రీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుకునేటోళ్లు, లెక్కలు తెలిసినోళ్లు. "వద్దు తమ్మీ" అని ఒక్క మాటల తేల్చేస్తే వాళ్లు ఇనరు. లెక్క చూపియ్యాలె. నేను కాలేజీల గణితం చదువుకున్నోన్ని కాదు, కాగితం కలం ముందల పెట్టుకొని సొంతంగ కూడికలు తీసివేతలు చేసుకుంట నేర్చుకున్నోన్ని. కాబట్టి నాకు అర్థమైన తీరుల చెప్త, మీరు క్యాలికులేటర్ పట్టుకొని ఎంబడి రాండ్రి.

ముందుగాల ఒక మాట. ఈ ముచ్చట ఒట్టి అబద్ధం కాదు. బ్రిటన్‌ల ఇది నిజంగనే నడుస్తది. ఎందుకు నడుస్తదంటే అక్కడ మూడు వసతులు ఒక్కతాన ఉన్నయి. ఒకటి, పందేల కంపెనీలకు లైసెన్స్ ఉంటది, గెలిస్తే పైసలు ఇస్తయి. రెండు, 2001ల అక్కడి సర్కారు పందెం కాసేటోని మీద పన్ను తీసేసింది, గెలిచిందంత ఆయనదే. మూడోది అసలైనది: 2000 సంవత్సరంల లండన్ల బెట్‌ఫెయిర్ అనే ఎక్స్ఛేంజ్ మొదలైంది. కంపెనీల రేటు ఇచ్చేది కంపెనీయే. ఎక్స్ఛేంజ్‌ల అట్ల కాదు, ఒక మనిషి "గెలుస్తది" అంటే ఇంకో మనిషి "గెలువది" అని ఎదురు నిలవడుతడు. ఎక్స్ఛేంజ్ నడుమ కూసొని గెలిచినోని దగ్గర కమీషన్ తీసుకుంటది. "గెలుస్తది" అని పెట్టుడు బ్యాక్, "గెలువది" అని పెట్టుడు లే. మన దిక్కు క్రికెట్ బుకీలు లగాయి, ఖాయి అంటరే, గదే.

ఇగ రేట్ల సంగతి. ఐకేపీ సెంటర్ల వడ్లు కాంటా పెట్టినప్పుడు బస్తాకు ఇంత అని తరుగు తీస్తరు కదా. పందేల కంపెనీ గూడ తరుగు తీస్తది, కాకపోతే అది రేటు లోపట దాసి పెడ్తది. రెండు టీంలు సమఉజ్జీలు అనుకోండ్రి. న్యాయంగ అయితే దేనికైనా రేటు 2.00 ఉండాలె, అంటే 100 పెడితే 200 వాపస్. కంపెనీ 1.90 ఇస్తది. 1ని 1.90తోని భాగిస్తే 52.6 శాతం. రెండు దిక్కులా కలిపితే 105.2. నూరు మీద ఎక్కిన ఆ 5.2 వాళ్ల తరుగు. ఎన్నిసార్లు ఆడినా సగటున 100 పెట్టినోనికి వాపస్ వచ్చేది 95 దాకనే.

ఫుట్‌బాల్ల గెలుపు, డ్రా, ఓటమి అని మూడుంటయి. ఒక కంపెనీ 2.40, 3.20, 2.90 ఇచ్చిందనుకోండ్రి. ఒక్కొక్కదాన్ని 1లకెల్లి భాగిచ్చి కలిపితే 107.4 వస్తది. ఇంకో కంపెనీ అదే ఆటకు 2.50, 3.40, 3.00 ఇస్తే 102.7. చూసేటందుకు రేట్లు దగ్గర దగ్గరనే ఉన్నయి. కని మొదటి కాంటా రెండో కాంటా కన్న రెండు రెట్లకు పైన తరుగు తీస్తున్నది. "మా దగ్గర బెస్ట్ రేట్లు" అని పోస్టర్ మీద ఏసుకునేటోన్ని ముందుగాల ఈ కూడిక అడగాలె.

మ్యాచ్డ్ బెట్టింగ్ చేసేటోడు ఈ తరుగును కంపెనీ ఇచ్చే ఇనాముతోని కొడుతడు. ఇక్కడ "మ్యాచ్" అంటే క్రికెట్ మ్యాచ్ కాదు, జోడి కట్టుడు. ఒక దిక్కు కంపెనీల బ్యాక్, ఇంకో దిక్కు ఎక్స్ఛేంజ్‌ల లే. ఆట ఎటుపోయినా లెక్క సమానం. చేసి చూద్దాం. "20 పౌండ్లు పందెం పెట్టు, 20 పౌండ్ల ఫ్రీ బెట్ తీస్కో" అని కంపెనీ ఆఫర్. ఒక టీం గెలుస్తదని కంపెనీల 3.00 రేటుకు 20 పౌండ్లు పెట్టిండు. అదే టీం గెలువదని ఎక్స్ఛేంజ్‌ల 3.10 రేటుకు 19.48 పౌండ్ల లే పెట్టిండు. కమీషన్ 2 శాతం. టీం గెలిస్తే కంపెనీల 40 వస్తది, ఎక్స్ఛేంజ్‌ల 40.91 పోతది. ఓడిపోతే కంపెనీల 20 పోతది, ఎక్స్ఛేంజ్‌ల 19.09 వస్తది. ఎట్లైనా 91 పెన్నీలు లాస్. ఇది ఫ్రీ బెట్ దర్వాజ తెరిచేటందుకు కట్టిన టికెట్ పైసలు.

ఇప్పుడు ఆ 20 పౌండ్ల ఫ్రీ బెట్. ఇదే మెలిక: ఫ్రీ బెట్ గెలిస్తే లాభం మాత్రమే ఇస్తరు, ఆ 20 చేతికి రాదు. అందుకని తక్కువ రేటు మీద వాడితే కరిగిపోతది. 5.00 రేటు మీద పెట్టి, ఎక్స్ఛేంజ్‌ల 5.20కి 15.44 పౌండ్ల లే పెడితే ఎటుపోయినా 15 పౌండ్ల పైన చేతిల మిగులుతది. అదే ఫ్రీ బెట్‌ను 1.50 రేటు మీద పెట్టి 1.53కు లే పెడితే మిగిలేది ఆరున్నర పౌండ్లు. ఒకటే ఇనాము, ఒకతాన ముప్పావు వంతు, ఇంకోతాన మూడో వంతు. కంపెనీ "20 పౌండ్లు ఫ్రీ" అని రాసినా అది ఎన్నడూ 20 కాదు. మొదటి టికెట్ తీసేస్తే మొత్తం మీద 14 పౌండ్ల చిల్లర లాభం.

14 పౌండ్ల కోసం ఎంత కట్టిపెట్టాలె? 5.20కి లే పెట్టినోడు టీం గెలిస్తే 64 పౌండ్ల పైన ఇయ్యాలె కాబట్టి ఆ పైసలు ముందే ఎక్స్ఛేంజ్‌ల పెట్టి ఉంచాలె. పదిచోట్ల ఒక్కసారే చేస్తే ఆరేడు వందల పౌండ్లు బంద్ అయి కూసుంటయి. రీల్స్ చేసేటోడు ఈ ముచ్చట చెప్పడు. కంపెనీల పందెం పెట్టి ఎక్స్ఛేంజ్‌కు పోయే లోపట రేటు మారుతది. ఒక సున్న ఎక్కువ కొడితే అంతే సంగతులు. టెన్నిస్‌ల ఆటగాడు నడుమ దెబ్బ తాకి తప్పుకుంటే ఒక కంపెనీ పందెం రద్దు చేస్తది, ఇంకోటి చెల్లుతదంటది. రూల్ రెండు దిక్కులా ఒకటే లేకుంటే జోడి విడిపోతది, ఒట్టి పందెం మిగులుతది. నష్టమే ఉండదు అనే మాట కాగితం మీది లెక్కకు సరిపోతది, చేతులతోని చేసే పనికి కాదు.

ఇంకో తీరు ఇనాము బోనస్. "100 వేస్తే 100 బోనస్, 20 రెట్లు తిప్పాలె." అంటే 2000 విలువ పందేలు కాసినంకనే ఆ బోనస్ మీది అయితది. తరుగు 5 శాతం అనుకుంటే 2000 మీద 100 పోతది. బోనస్ ఎంతో తరుగు అంతే. వచ్చిందీ లేదు, మిగిలిందీ లేదు, వారం రోజులు ఆడుడు అలవాటు మాత్రం అంటుకుంటది. బోనస్ ఇచ్చేది అందుకే. బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ 10 రెట్లకు మించి తిప్పియ్యొద్దని 2025ల కొత్త రూల్ ప్రకటించింది. ఊరికెనే ప్రకటిస్తదా?

రేటు అయింది, ఇనాము అయింది. నాకు అన్నిట్ల ముఖ్యం అనిపిచ్చేది మూడోది, లిమిట్. ఒక పందెంల కంపెనీ నీ దగ్గర ఎంత దాక తీసుకుంటదనేది.

మ్యాచ్డ్ బెట్టింగ్ చేసేటోన్ని కంపెనీ పట్టుడు పెద్ద కష్టం కాదు. ఆఫర్ ఉన్ననాడే వస్తడు, లేనినాడు కనబడడు. క్యాసినో దిక్కు చూడడు. గెలిచిన పైసలు వెంటనే బ్యాంకుకు ఎత్తుకుంటడు. ఇంకోటి, ఆయన పెట్టిన రేటును ఆట మొదలయ్యే నిమిషంల ఉన్న రేటుతోని కంపెనీ పోల్చి చూస్తది. ఎప్పుడు చూసినా ఆయనకు మంచి రేటే దొరుకుతున్నదంటే, ఆయన తెలివి గలోడు. తెలివి గలోడు వాళ్లకు పనికిరాడు. ఒకనాడు లాగిన్ అయితే 50 పౌండ్లు పెట్టబోతే 40 పెన్నీలే తీసుకుంట అంటది. ఆఫర్లు బంద్. అక్కడోళ్లు దీన్ని "గబ్డ్ అయిండు" అంటరు. కేసు లేదు, కారణం చెప్పుడు లేదు. ఎవని పందెం తీసుకోవాలె, ఎవనిది వద్దనాలె అనేది కంపెనీ ఇష్టం. ఆస్ట్రేలియాల న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014ల గుర్రప్పందాలకు ఒక రూల్ తెచ్చింది: ఇంత మేర దాక ఎవని పందెమైనా తీసుకోవాల్సిందే అని. రూల్ తేవాల్సి వచ్చిందంటేనే గెలిచేటోన్ని ఎట్ల తరుముతున్నరో అర్థం చేసుకోండ్రి. ఎక్స్ఛేంజ్ గూడ తక్కువ తినలే. ఎప్పుడూ గెలిచేటోళ్ల మీద బెట్‌ఫెయిర్ 2008ల ప్రీమియం చార్జ్ అని అదనంగ వసూలు పెట్టింది.

ఇగ ఓడిపోయేటోని సంగతి చూడండ్రి. ఆయనకు లిమిట్ పెరుగుతది. ఫోన్ చేసి పేరు పెట్టి పలకరిస్తరు, వీఐపీ అంటరు, మ్యాచ్ టికెట్లు పంపుతరు, పోయిన పైసలల్ల కొంత వాపస్ అని ఫ్రీ బెట్ ఇస్తరు. 2020 జనవరిల గార్డియన్ పత్రిక గ్యాంబ్లింగ్ కమిషన్ కాగితం ఒకటి బయటపెట్టింది. అండ్ల ఒక కంపెనీకి వచ్చిన డిపాజిట్లల్ల 83 శాతం 2 శాతం మంది వీఐపీలయే. అంటే ఆ దుకాణం నడిచేది ఆ కొందరి పెయ్యి మీద. మ్యాచ్డ్ బెట్టింగ్ చేసేటోనికి దొరికే 14 పౌండ్లు గూడ అక్కడికెల్లే వస్తున్నయి, కంపెనీ యజమాని జేబుల కెల్లి కాదు. నాకు ఈ యవ్వారంల మింగుడు పడని ముక్క ఇదే.

అందుకే ఏ యాప్ మంచిదో చెప్పుమని అడిగితే నేను రేటు చూడను, ఇనాము అంతకన్న చూడను. గెలిచినోని లిమిట్ ఏమైతదో అడుగుత. అది పెన్నీలకు పడిపోతే, ఇంకా పెద్ద లిమిట్ ఉన్న మీరు ఎవరన్నట్టు?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. బ్రిటన్ల ఉన్న మూడు వసతులల్ల మనకు ఒక్కటి గూడ లేదు. తెలంగాణల 2017 నుంచి, ఆంధ్రల 2020 నుంచి ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ఉన్నది. 2025 ఆగస్టుల పార్లమెంట్ దేశం మొత్తానికి చట్టం చేసింది: పైసలు పెట్టి ఆడిచ్చే ఏ ఆన్‌లైన్ ఆటైనా బంద్, ఆడిచ్చినోనికి మూడేండ్ల దాక జైలు, కోటి దాక జరిమానా, ప్రచారం చేసినోనికి రెండేండ్లు, యాభై లక్షల దాక. ఆ కేంద్ర చట్టం ఆడినోనికి శిక్ష పెట్టలే. కని మన రాష్ట్ర చట్టం కింద ఆడినోడు గూడ కేసుల ఇరుక్కుంటడు, మర్చిపోవద్దు.

చట్టం పక్కకు పెట్టినా లెక్క కుదరది. మన పోరగాండ్లకు దొరికేది వాట్సాప్‌ల, టెలిగ్రాంల ఐడీ పాస్‌వర్డ్ ఇచ్చే ప్యానెళ్లు. స్క్రీన్ మీద బ్యాక్, లే అని రెండు రంగుల డబ్బాలు ఉంటయి, ఎక్స్ఛేంజ్ లెక్కనే కొడుతది. ఎదురుంగ నిజంగ ఇంకో మనిషి ఉన్నడా, రెండు డబ్బాలు ఒక్కని చేతిలనే ఉన్నయా, మీకు తెలిసే తొవ్వ లేదు. జోడి పందెంల రెండు దిక్కులా పైసలు వసూలు అయితేనే లెక్క నిలుస్తది. ఒక దిక్కు గెలిచి, ఆ దిక్కోడు నంబర్ బ్లాక్ చేస్తే? పోయిన దిక్కు పోయింది, వచ్చే దిక్కు రాలే. ఐదువేలు గెలిచినోనికి ఇస్తరు, నమ్మకం కుదిరేదాక. యాభై వేలు కాంగనే "ఖాతా వెరిఫికేషన్‌ల ఉంది, ముందు పన్ను కట్టు" అంటరు. లిమిట్ ఇక్కడ గూడ ఉన్నది, కాకపోతే పెట్టేటప్పుడు కాదు, తీసుకునేటప్పుడు.

లండన్, బర్మింగ్‌హామ్ దిక్కు చదువుకునే మన పిల్లలకు ఒక్క మాట. అక్కడ మీ సొంత పేరు మీద, మీ సొంత పైసలతోని చేస్తే చట్టం అడ్డం రాదు. గెలిచిందాని మీద పన్ను గూడ లేదు. కని ఒక కంపెనీల కొత్త ఖాతా ఆఫర్ ఒక్కసారే. అవి ఒడిసినంక, ఖాతాలు గబ్డ్ అయినంక, "నీ పాస్‌పోర్ట్, నీ బ్యాంకు కార్డు ఇయ్యి, నీ పేరు మీద నేను ఆడుత, సగం సగం" అని ఎవడో ఒకడు వస్తడు. ఇంటి కాడికెల్లి అప్పు చేసి పోయినోనికి ఆ మాట తియ్యగనే ఉంటది. ఇంకొకని పేరు మీద ఆడినట్టు తెలిస్తే కంపెనీ గెలిచినయి ఇయ్యది. బ్యాంకు కంటికి అది వేరేటోని పైసలు మీ ఖాతాల తిప్పినట్టు. ఖాతా మూసేస్తే రూం కిరాయి ఎట్ల కడ్తరు? ఇంకోటి, క్రెడిట్ కార్డుతోని పందెం పెట్టుడు అక్కడ 2020 ఏప్రిల్ నుంచి నిషేధం. అప్పు తెచ్చి ఆడొద్దని అంత పెద్ద పందేల దేశమే రూల్ పెట్టుకున్నది.

ఊర్లె గూడ గిదే ఖాతా కిరాయి దందా నడుస్తున్నది. "నీ బ్యాంకు ఖాతా, సిమ్ము ఇయ్యి, నెలకు ఇంత" అంటరు. ఎవరెవరో పోగొట్టుకున్న పైసలు ఆ ఖాతాలకెల్లి పోతయి, పోలీసులు ముందుగాల పట్టేది ఖాతా ఎవని పేరు మీద ఉన్నదో వాన్నే. అమ్మ పేరు మీది ఖాతా ఇచ్చిన పిల్లలు గూడ ఉన్నరు. రైతు భరోసా, పింఛన్ పడే ఖాతాలు ఫ్రీజ్ అయితయి, జర ఆలోచన చెయ్యుండ్రి.

ఇప్పటికే ప్యానెల్ల పైసలు ఇరుక్కున్నోళ్లు ఉంటే, వాటిని తీసేటందుకు "పన్ను", "ఫీజు" అని అడిగితే ఒక్క రూపాయి గూడ కట్టొద్దు. స్క్రీన్‌షాట్లు, యూపీఐ నంబర్లు, చాట్లు దాసిపెట్టుకొని 1930కి ఫోన్ చెయ్యాలె. ఎంత జల్ది చేస్తే అంత మంచిది, పైసలు ఇంకో ఖాతాకు దాటకముందు ఆపే అవకాశం ఉంటది. ఇంట్ల చెప్పే ధైర్యం లేక రాత్రిళ్లు నిద్ర పట్టక ఒక్కలే కూసున్నోళ్లు 14416కి చెయ్యండ్రి. టెలి మానస్ అంటరు, పైసా ఖర్చు లేదు, తెలుగుల మాట్లాడుతరు, ఏ టైంలనైనా ఎత్తుతరు.