గాజురవ్వపై రాజముద్ర

తెలుగు ఇండ్లలో వజ్రానికి 'రవ్వ' అని ముద్దుపేరు. రవ్వల దుద్దులు, రవ్వల ముక్కుపుడక అనే మాటలు పలికేటప్పుడు మన పెద్దవాళ్ల గొంతులో ఒక తృప్తి వినిపిస్తుంది. ఉర్దూ మాట్లాడే మా ఇండ్లలో అదే హీరా. ఉంగరంలో పొదిగితే నగీనా. పేరు ఏదైనా, మధ్యతరగతి ఇంటి నగలపెట్టెలో ఆ పేరుతో ఉన్న రాళ్లలో చాలావరకు వజ్రాలు కావు. ఆ సంగతి ఇంటివారికి తెలిసినంతకాలం అందులో దోషమూ లేదు.

కల్లాల్లో ఆరిన మిరపకాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు చేరి, ప్రత్తి అమ్ముడుపోయి, రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడే మాసాల్లోనే మన ప్రాంతంలో పెండ్లిళ్లు కూడ జరుగుతాయి. అప్పుడే మరొక సరుకు కూడ ఇండ్లలోకి ప్రవేశిస్తుంది. అది మఖమలు పెట్టె. మూతపై కిరీటం గుర్తు ఉంటుంది. లోపల తెల్లని రాళ్ల హారమో ఉంగరమో, దానితో ఒక ధ్రువపత్రం. ఫలానా మహారాణి పట్టాభిషేక స్మారకమనీ, ఫలానా రాజవంశపు హారానికి ప్రతిరూపమనీ, పరిమిత సంఖ్యలో మాత్రమే తయారైనదనీ ఆ పత్రం చెబుతుంది. పూర్వం ఇటువంటివి పత్రికా ప్రకటనల ద్వారా, టపా ద్వారా వచ్చేవి. నేడు చేతిలోని ఫోను ద్వారా వస్తున్నవి. ఆ పెట్టెలోని రాయి ఏమిటి, దానిపై రాజముద్ర ఎందుకు పడింది అన్నది తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే ఈ కథ మొదలైనది మన కృష్ణా తీరంలోనే.

గోలకొండ వజ్రమని లోకమంతా అంటుంది గాని, గోలకొండ కోటలో గని ఏదీ లేదు. అది సంత, రాజధాని. గనులు కృష్ణా తీరంలో ఉండేవి. వాటిలో మేటి కొల్లూరు. తెనాలి దగ్గరి కొల్లూరు కాదు. బెల్లంకొండ సమీపాన, కృష్ణకు దక్షిణపుటొడ్డున ఉండిన కొల్లూరు. నిన్నటి గుంటూరు జిల్లా, 2022 నుండి పల్నాడు జిల్లా. పదిహేడవ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని వ్రాసినాడు. మగవారు త్రవ్వడం, ఆడవారు, పిల్లలు మట్టి మోయడం. పెద్దరాళ్లు పాలకునికే చెందాలని కట్టడి. మట్టి మోసిన చేతులకు దక్కినది కూలి మాత్రమే. ఇప్పుడా గనిప్రాంతం పులిచింతల జలాశయపు ముంపులో ఉన్నది. కోహినూర్ అక్కడే దొరికిందని ప్రతీతి. ప్రతీతిని ప్రతీతిగానే చెప్పుకోవడం మేలు. ఇంగ్లండులో 'పిట్', ఫ్రాన్సులో 'రీజెంట్' అని పిలువబడిన వజ్రం కూడ ఈ కృష్ణాతీరపు గనులదే. దానిని 1702 ప్రాంతంలో మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్నాడు. ముడిరాయి 410 కారట్లు; సాన పట్టిన తర్వాత 140 కారట్లకు కాస్త పైన మిగిలింది. 1717లో ఫ్రెంచి రాచరికం దానిని కొన్నది.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. 1722లో పదిహేనవ లూయీ పట్టాభిషేకానికి చేయించిన కిరీటంలో ఆ రీజెంట్ వజ్రాన్ని పొదిగినారు. ఏడేండ్లకే, అంటే 1729లో, ఆ కిరీటంలోని అసలు రత్నాలన్నిటినీ ఊడదీసి నకలు రాళ్లు అమర్చినారు. పారిస్ లోని లూవ్ర్ మ్యూజియంలో నేడున్నది ఆ నకలు రాళ్ల కిరీటమే. రీజెంట్ విడిగా ఉన్నది. 2025 అక్టోబరులో అదే మ్యూజియంలో జరిగిన దోపిడీలో కూడ రీజెంట్ పోలేదు. బ్రిటనులో సైతం ఇదే కథ. 1911లో మేరీ రాణి కిరీటంలో పొదిగిన కోహినూర్ ను 1937లో మరొక రాణి కిరీటానికి మార్చినారు; మేరీ కిరీటంలో దాని చోట స్ఫటికపు ప్రతిరూపం పెట్టినారు. 2023లో కమిల్లా రాణి ఆ మేరీ కిరీటాన్నే ధరించింది. కోహినూర్ ను మాత్రం ధరించలేదు. అనగా రాజముద్ర గల నకలు వజ్రాలను మొట్టమొదట చేయించుకున్నవారు రాజులే! కాని వారు దాచలేదు. మ్యూజియంలో ఆ రాళ్లు నకళ్లని చెప్పి మరీ చూపుతారు.

ఆ పదిహేనవ లూయీ కాలంలోనే పారిస్ లో జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ అనే నగల పనివాడు సీసం ఎక్కువగా కలిపిన గాజుతో వజ్రం వంటి రాళ్లు చేసి పేరు గడించినాడు. 1734లో అతనికి రాజుగారి నగలపనివాడనే హోదా లభించింది. అతని రాళ్లను ప్రభుకుటుంబాల స్త్రీలు గాజని తెలిసే ధరించినారు. యూరపులో అనేక భాషలలో నకలు రాయికి అతని పేరే నిలిచింది. 1892లో డేనియల్ స్వరోవ్‌స్కీ గాజును యంత్రంతో సాన పట్టే పద్ధతికి పేటెంటు పొందిన తర్వాత ఆ మెరుపు సామాన్యులకు కూడ అందింది.

గాజు ఎట్లా మెరుస్తుంది? రాయిలోకి ప్రవేశించిన వెలుగు వంగుతుంది. ఎంత ఎక్కువగా వంగితే, లోపలి ముఖాలకు తగిలి అంతగా తిరిగి కంటికే వస్తుంది. ఆ వంపులో తెల్లని వెలుగు ఇంద్రధనుస్సు రంగులుగా విడిపోతుంది. సీసం కలిస్తే గాజుకు ఈ రెండు గుణాలూ పెరుగుతాయి. అయినా వజ్రమంత పెరగవు. అందుకే రాయి అడుగున అద్దానికి పూసినట్లు లోహపు పూత పూస్తారు. చెమట, నీరు తగిలి ఆ పూత చెడినప్పుడు రాయి నల్లబడుతుంది. మన ఇండ్లలో 'రాళ్లు చచ్చిపోయినవి' అనేది దీనినే.

అసలు మార్పు 1970 దశకంలో వచ్చింది. సోవియట్ శాస్త్రజ్ఞులు జిర్కోనియం ఆక్సైడును కరగించి ఘనాకార స్ఫటికంగా పెంచే విధానం కనుగొన్నారు. 1976 నుండి ఆ రాయి బజారుకు వచ్చింది. శాస్త్రనామం క్యూబిక్ జిర్కోనియా. మన బజారులో 'అమెరికన్ డైమండ్', లేదా ఏడీ రాయి. మాస్కోలో పుట్టినదానికి అమెరికా పేరు ఎట్లా వచ్చిందో గాని, ఆ పేరులో డైమండ్ అన్న మాట చేసిన మేలు వ్యాపారికి తక్కువ కాదు. ఈ రాయి వజ్రం కంటె ఎక్కువ రంగులు చిమ్ముతుంది: వెలుగును రంగులుగా విడదీసే శక్తి వజ్రానికి 0.044 అయితే దీనికి 0.060. బరువు కూడ ఎక్కువ. ఒకే పరిమాణంలో వజ్రం కంటె ఒకటిన్నర రెట్లకు పైగా తూగుతుంది. కాఠిన్యంలో మాత్రం వజ్రం 10, ఇది 8కి కాస్త పైన, గాజు 6కు లోపల. వీధి ధూళిలో ఉండే పలుగురాయి రేణువుల కాఠిన్యం 7. అందుకే గాజురాయిని రోజూ తుడిచితే ఏడాదిలో మసకబారుతుంది; ఏడీ రాయి కొన్నేండ్లు నిలుస్తుంది.

ప్రయోగశాలలో పెంచిన వజ్రం వేరు. అది నకలు కాదు. రసాయనికంగా వజ్రమే, పుట్టినచోటే వేరు. 2023 జూన్ లో మన ప్రధాని అమెరికా అధ్యక్షుని సతీమణికి బహూకరించిన ఏడున్నర కారట్ల రాయి ఇటువంటిదే. అది ప్రయోగశాల వజ్రమని చెప్పే ఇచ్చినారు. చెప్పి ఇచ్చినందువల్ల బహుమతి గౌరవం ఏమీ తగ్గలేదు.

నకలు రాళ్ల చరిత్ర ఆధునికమని అనుకోరాదు. గరుడపురాణంలోని వజ్రపరీక్షా ప్రకరణం నేర్పరులైనవారు పుష్యరాగం, గోమేధికం, వైడూర్యం, స్ఫటికం, గాజులతో వజ్రానికి నకళ్లు చేస్తారని హెచ్చరించి, క్షారంతోను, గీకి చూచి, సానపై పెట్టి పరీక్షించమంటుంది. పదకొండవ శతాబ్దిలో అల్‌బిరూనీ రత్నాలపై ఒక గ్రంథమే వ్రాసినాడు. మోసం పాతదే. రాజు పేరు చెప్పి వేలాది మందికి అమ్మడమే కొత్త.

ఆ కొత్త వ్యాపారానికి కోహినూరే గురువు కాబోలు. 1849లో బాలుడైన దలీప్ సింగ్ నుండి సంధి పేరుతో తీసుకొని, 1850లో విక్టోరియా రాణికి సమర్పించి, 1851లో లండను మహాప్రదర్శనలో దానిని పెట్టినారు. జనం విరగబడి చూచి నిరాశపడినారు; మన పద్ధతిలో సాన పట్టిన ఆ రాయి వారు కోరినట్లు తళుక్కుమనలేదు. 1852లో మళ్లీ కోయించగా సుమారు 190 కారట్ల రాయి 105.6 కారట్లకు దిగింది. పాత రూపం పోయింది. దాని గాజు నమూనాలు మాత్రం మిగిలినవి. ప్రసిద్ధ వజ్రాల గాజు నమూనాలను పెట్టెలలో పేర్చి అమ్మడం ఆ శతాబ్దిలో బాగా సాగింది. 1897లో విక్టోరియా అరువదేండ్ల పాలనను 'వజ్రోత్సవం' అన్నారు; 2012లో ఎలిజబెత్ రాణికీ అదే జరిగింది. వజ్రోత్సవం అన్న మాట ఒక్కటి చాలు, తెల్లరాయి పొదిగిన ప్రతి వస్తువూ స్మారకమే. 1981లో డయానాకు నిశ్చితార్థంలో ఇచ్చిన నీలపుటుంగరాన్ని 2010లో ఆమె కుమారుడు తన వధువుకు తొడగగానే, చైనాలోని యీవూ బజారులో దాని నకళ్లు కుప్పలుగా తయారైనవి.

బ్రిటనులో ఇటువంటి ఉత్సవాల సమయాన రాజచిహ్నాలను స్మారక వస్తువులపై వాడుకొనేందుకు లార్డ్ చాంబర్లేన్ కార్యాలయం నియమాలతో కూడిన సడలింపు ఇస్తుంది. వస్తువు అభిరుచి కలదై ఉండాలి. రాజకుటుంబం దానిని వాడుతున్నదనో ఆమోదించిందనో స్ఫురింపజేయరాదు. అంటే కిరీటం గుర్తు ఉన్నంతమాత్రాన కోట నుండి వచ్చిన వస్తువు కాదన్నమాట. ఇక ధ్రువపత్రం సంగతి. దానిని జాగ్రత్తగా చదివితే, ఈ వస్తువు ఈ సంస్థ తయారుచేసిన ఈ వరుసలో ఇన్నవదని మాత్రమే ఉంటుంది. రాయి ఏమిటో అట్టమూలన చిన్న అక్షరాలలో 'క్రిస్టల్' అనో, 'సిమ్యులేటెడ్' అనో ఉంటుంది. 'స్ఫూర్తితో', 'వంశపు శైలిలో' అన్న మాటలు కూడ అటువంటివే. అబద్ధం ఒక్కటీ ఉండదు. నిజం ఒక్కటి మాత్రం పెద్ద అక్షరాలలో ఉండదు.

దీనికి భిన్నంగా మన పొరుగున మచిలీపట్నం దగ్గర చిలకలపూడి ఉన్నది. అక్కడి గిల్టు నగలు గిల్టు నగలుగానే దేశమంతటా అమ్ముడవుతున్నవి. కొన్నవారు బంగారమని కొనరు. అమ్మేవారు బంగారమని అమ్మరు. వేలాది కుటుంబాలు ఆ పనిపై బ్రతుకుతున్నవి. పెండ్లికి అసలు నగ లాకరులో ఉంచి చిలకలపూడి హారం వేసుకున్న వధువు ఎవరినీ మోసగించినట్లు కాదు. నకలు చేయడం ఒక కళ. నకలన్న పేరు దాచినప్పుడే అది నేరమవుతుంది.

ఇస్లామీయ ధర్మశాస్త్రం సరుకు లోపాన్ని దాచి అమ్మడానికి 'తద్లీస్' అని పేరు పెట్టింది. లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొనుగోలుదారునికి ఉంచింది. ప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా అడుగున తడి తగిలిందనీ, తడిసిన గింజలను జనానికి కనబడేటట్లు పైన ఎందుకు ఉంచలేదని అడిగినారనీ హదీసు. మిర్చి యార్డు ఎరిగిన మన విద్యార్థులకు దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. టిక్కీ పైభాగాన ఎర్రని కాయ, అడుగున తాలు ఉంటే కమీషన్ దుకాణంలో ఏమి జరుగుతుందో వారు చూచినవారే. రైతు టిక్కీలో చేయి పెట్టి చూసే లోకం, మఖమలు పెట్టె ముందు చేతులు కట్టుకొని నిలబడుతున్నది.

నష్టం బయటపడేది తాకట్టు దుకాణంలో. కూతురి ఫీజుకో, పురుగుమందు బాకీకో నగ తీసుకొని వెళ్లినప్పుడు ఆయన రాళ్ల తూకం తీసివేసి, మిగిలిన బంగారానికే లెక్క కడతాడు. రాళ్లు నిజమైన వజ్రాలైనా చాలాచోట్ల అంతే. స్మారక హారంలో అయితే తీసివేసిన తర్వాత మిగిలేది పూత పూసిన ఇత్తడి. కొన్నప్పటి ధరలో ముప్పాతిక భాగం పెట్టెకు, కిరీటం గుర్తుకు ఇచ్చామని ఆ తక్కెడ ముందు తెలుస్తుంది.

ఇంట్లో చేయగల పరీక్షలు కొన్ని ఉన్నవి గాని, వాటిపై పూర్తిగా ఆధారపడరాదు. వజ్రం రాగి కంటె ఎన్నో రెట్లు వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. కనుక నోటి ఆవిరి పడితే వెంటనే ఆరిపోతుంది. గాజుపై, ఏడీ రాయిపై కొంతసేపు నిలుస్తుంది. దుకాణంలోని వేడి కొలిచే పరికరం కూడ ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. అయితే 1998 నుండి నగలలోకి వచ్చిన మొయిసనైటు కూడ వేడిని బాగా ప్రసరింపజేసి ఆ పరికరాన్ని ఏమారుస్తుంది. భూతద్దంలో పై ముఖం గుండా వాలుగా చూస్తే, అందులో అడుగు అంచులు జంటగా కనబడతాయి. వజ్రంలో అట్లా కనబడవు. గోరుతోనో గాజుపలకతోనో గీకి చూడడం వృథా. గాజును గీయగల రాళ్లు అనేకం.

ఇక మిగిలినది బిల్లు. బంగారానికి హాల్‌మార్కు ఉన్నది. 2023 ఏప్రిల్ నుండి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్కు నగ అమ్మరాదు. కాని ఆ ముద్ర బంగారానిదే, రాయిది కాదు. కనుక లోహం తూకం, రాళ్ల తూకం, రాయి పేరు విడివిడిగా బిల్లుపై వ్రాయించుకోవాలి. 'వజ్రం' అన్నారా, 'ప్రయోగశాల వజ్రం' అన్నారా, 'ఏడీ' అన్నారా? ఏదైనా సరే, మాట వ్రాతలో ఉండాలి. వ్రాయడానికి జంకిన దుకాణంలో కొనకుండా రావచ్చును. వ్రాసిన మాట తప్పని తేలితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేండ్లలోగా గుంటూరులోనో ఒంగోలులోనో ఉన్న జిల్లా కమిషనుకు వెళ్లవచ్చును. చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయల వరకు అయితే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలు కూడ తప్పనిసరి కాదు. వెంట తీసుకొని పోవలసినవి ఆ బిల్లు, ఆ ప్రకటన, ఆ మఖమలు పెట్టె.