పేరొకటి, పానీయ మొకటి

2024వ సంవత్సరము జ్యేష్ఠమాసమున మా తోడికోడలి పసివానికి విరేచనములు పట్టుకొన్నవి. వాని కప్పటికి పదునెనిమిది మాసములు. తెల్లవారుజాము మొదలు పగలు పదిగంటల లోపల ఏడెనిమిది మాఱులు నీళ్లవలె పోయినది. వైద్యునికి ఫోనుచేసి యడుగగా, ముందు ఓ.ఆర్.యస్. త్రాగించుచుండుడనియు, సాయంకాలమున కొకమాఱు తీసికొని రండనియు చెప్పిరి. మా మఱది మందులదుకాణమునకు పరుగిడి, ఓ.ఆర్.యస్. కావలెనని యడిగి, నారింజపండు బొమ్మగల అట్టపెట్టెలు నాలుగు తెచ్చెను. పెట్టెమీద పెద్ద యక్షరములతో ఆ పేరు కలదు. మందనిన మొగము త్రిప్పుకొను పిల్లవాడు దీనిని మాత్రము అడిగి యడిగి త్రాగెను. మేమును సంతోషించితిమి.

మధ్యాహ్నమునకు విరేచనములు తగ్గుటకు మాఱుగా హెచ్చినవి. ప్రొద్దువ్రాలునప్పటికి వాని కన్నులు లోతునకు పోయినవి. ఏడ్చిన కన్నీరు రాలేదు. ఆసుపత్రిలో డాక్టరుగారు "ఏమి పట్టితిరమ్మా?" యని యడిగి, పెట్టెను చూపగనే తల పట్టుకొనిరి. పెట్టె వెనుకతట్టున చీమతలకాయలంతటి యక్షరములతో, ఇది ప్రపంచారోగ్యసంస్థవారు విధించిన ఓ.ఆర్.యస్. కాదని ఇంగ్లీషున వ్రాసియున్నది! నేను ఇంగ్లీషు చదువుకొన్నదానను. ఆ నాలుగు పెట్టెలను నా చేతులతోనే కత్తిరించి గిన్నెలో పోసితిని. అయినను ఆ పంక్తి నా కంటబడలేదు. పిల్లవాడు రెండుదినము లాసుపత్రిలోనుండి దైవకృపచే కోలుకొనెను.

ఇట్టిది మా యొక్కయింట మాత్రమే జరిగినది కాదు. ఈ మూడక్షరముల పేరు కొఱకు మనదేశమున డాక్టర్లును, వర్తకులును, గవర్నమెంటువారును, హైకోర్టులును ఏండ్ల తరబడి వాదులాడవలసి వచ్చినది. ఆ వ్యవహారము 2025 చివరకు ఒక కొలిక్కి వచ్చినది. పిల్లలతల్లు లందఱు నెఱుగవలసిన విషయము గనుక కొంత వివరముగా వ్రాయుచున్నాను.

ముందుగా అసలు ఓ.ఆర్.యస్. అన నేమో తెలియవలెను. అది నీటిలో కలిపి త్రాగు లవణముల పొట్లము. ప్రపంచారోగ్యసంస్థవారు 2002లో సవరించిన కొలత ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండవలెను. అన్నియు కలిసి 20.5 గ్రాములు. ఇందులో గ్లూకోజు బలము కొఱకు గాని రుచి కొఱకు గాని వేసినది కాదు. మన చిన్నప్రేవుల గోడలో ఉప్పును లోనికి తీసికొనిపోవు ద్వారమొకటి కలదు. గ్లూకోజు తోడురానిదే ఆ ద్వారము తెఱచుకొనదు. రెండును జంటగా పోయినప్పుడు వాని వెంట నీరును రక్తములో చేరును. విరేచనములు కట్టకపోయినను ఈ ద్వారము చెడదు. ఈ మందులోని మర్మమంతయు నిదియే.

చక్కెర హెచ్చైన నేమి జరుగును? దోసకాయముక్కలపై ఉప్పు చల్లి మూతపెట్టిన గడియలో గిన్నెనిండ నీరూరుట మన మెఱిగినదే గదా. ప్రేవులలో చక్కెర మితిమీరినప్పుడు నట్లే యగును. అది ఒంటిలోని నీటిని ప్రేవులలోనికే లాగుకొనును. నిలువవలసిన విరేచనము హెచ్చును. అట్టపెట్టెలలో అమ్మిన పానీయములు కొన్నింటిలో లీటరునకు నూఱుగ్రాములకు మించి చక్కెర యుండెడిది. పదమూడున్నర గ్రాములెక్కడ, నూఱు గ్రాములెక్కడ! ఉప్పు పాలు మాత్ర మందుండవలసినంత లేదు. మధుమేహముగల పెద్దలును ఎండదెబ్బకు మంచిదని వీనిని త్రాగుచుండిరి.

ఆ పొట్లమునకింత గౌరవ మెట్లు వచ్చినదో చెప్పక ముందునకు పోజాలను. 1971లో తూర్పుబంగాళమునుండి కాందిశీకులు లక్షలకొలదిగ సరిహద్దు దాటి వచ్చినప్పుడు బనగావ్ శిబిరమున కలరా చెలరేగినది. అప్పటి చికిత్స నరములోనికి సెలైను నెక్కించుట. సెలైను సీసాలు కొలదిదినములలో నయిపోయినవి. డాక్టరు దిలీప్ మహలనబీస్‌గారు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి పొట్లములు కట్టించి, నీటిలో కలిపి, రోగుల తల్లులచేతను అక్కచెల్లెండ్రచేతను త్రాగింపజేసిరి. నర్సులు చాలలేదు, తల్లులే నర్సులైరి. నూటికి ముప్పదిమంది వఱకు చనిపోవుచుండిన శిబిరమున ఆ సంఖ్య నాలుగింటికి లోపునకు దిగినది. ఆ మహనీయుడు 2022లో పరమపదించిరి. మఱుసటి యేడు పద్మవిభూషణ బిరుద మాయన పేర ప్రకటింపబడినది. వారు కనిపెట్టిన పద్ధతికి ఫలముగా ఎన్ని లక్షల బిడ్డలు బ్రతికిరో! అట్టి పేరును పండ్లరసపు పెట్టెమీద అచ్చొత్తి యమ్ముకొనుట ఎంతటి ధైర్యము!

ఇంతకు, చట్టము లేకపోలేదు. కల్తీ నడ్డుటకు చెన్నరాజధానిలో 1918లోనే శాసనము చేసిరి. దేశమంతటికిని 1954లో నొకటి వచ్చినది. దానికి బదులుగా 2006లో ఆహారభద్రతా ప్రమాణముల చట్టము ఏర్పడి, దానిని నడుపుటకు ఢిల్లీలో ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. యను ప్రాధికారసంస్థ వెలసినది. పాలలో నీళ్లు, నేతిలో డాల్డా, మిరపపొడిలో ఇటుకపొడి, ఇవి వెనుకటి శాసనముల కెఱుకయైన దొంగతనములు. ఇక్కడ నట్లు కాదు. పెట్టెలో చక్కెర కలదని పెట్టెమీద వ్రాసియే యున్నది. వ్రాసినదానికంటె వేఱువస్తు వందులేదు. పరీక్షశాలకు పంపినను కల్తీ దొరకదు. మోసమంతయు పేరులో నున్నది.

మఱియొక చిక్కు. నిజమైన ఓ.ఆర్.యస్. మందు, అది 1940వ సంవత్సరపు ఔషధముల చట్టము క్రిందికి వచ్చును. అట్టపెట్టెలోనిది ఆహారము, అది 2006 చట్టము క్రిందికి వచ్చును. వీనిని చూచు అధికారులు వేఱు, లైసెన్సులు వేఱు. కాని దుకాణమున అర మాత్ర మొక్కటే. మందుల అధికారి వచ్చి యిది నాది కాదనును, ఆహారపు అధికారి వచ్చి యిందు కల్తీ లేదనును. రెండుగోడల నడుమ సందులో ఈ వ్యాపారము సుఖముగా పెరిగినది.

దీనిని ముందుగా పట్టుకొన్నవారు మన హైదరాబాదులోని చిన్నపిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్‌గారు. తమకడకు వచ్చిన బిడ్డలకు ఓ.ఆర్.యస్. పట్టినను విరేచనములు తగ్గకుండుట చూచి, పట్టిన పెట్టెలను తెప్పించుకొని చదువగా ఈ సంగతి బయటపడినది. ఎనిమిదేండ్లపాటు ఆమె అధికారులకు అర్జీలు వ్రాసిరి, ప్రజలకు చెప్పిరి, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజనవ్యాజ్యమును వేసిరి. వైద్యమొకవంక, కోర్టులొకవంక, వర్తకుల బెదరింపు లొకవంక. ఇంటిపని కచ్చేరిపని రెండును నెత్తినబెట్టుకొన్న స్త్రీలకు ఆ శ్రమ యెట్టిదో వేఱుగ చెప్పనేల?

2022 ఏప్రిలులో ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వా రొక ఉత్తరువు చేసి, ఓ.ఆర్.యస్.కు బదులని తోచునట్లు పానీయముల నమ్మరాదనిరి. సంతోషమే. కాని కొలదిమాసములకే, జూలై 14వ తేదీన, ఆ పట్టు సడలినది. వాణిజ్యనామమునకు ముందో వెనుకో ఆ యక్షరములను చేర్చుకొనవచ్చును. అయితే ఇది ఓ.ఆర్.యస్. కాదని పెట్టెమీద నొక హెచ్చరిక వ్రాయవలెను, అని సెలవిచ్చిరి. మా పిల్లవాని పెట్టె వెనుక నున్న పంక్తి అదియే. 2024 ఫిబ్రవరిలో చేసిన మఱియొక ఉత్తరువును ఈ మార్గముననే నడచినది.

ఈ యేర్పాటు నాకు మొదటినుండియు వింతగా తోచుచున్నది. ముందువైపున పేరు పెట్టనిచ్చి వెనుకవైపున "ఆ పేరుగలది కాదు" అని వ్రాయించుట యేమి న్యాయము? విషయము దాపలేదని వర్తకుడు తప్పించుకొనుటకు ఆ పంక్తి పనికివచ్చునేకాని, అర్ధరాత్రి బిడ్డను భుజమున వేసికొని దుకాణము తలుపు తట్టు తల్లికి పనికిరాదు. అందును ఇంగ్లీషున! మన పల్లెలలో ఎందఱు తల్లులు దానిని చదువగలరు?

వర్తకుల పక్షమున మాటయే లేదని నే ననను. ఆ పేర్లు రిజిస్టరైనవి. వానిపై ధనము వెచ్చించినవారు కలరు. గవర్నమెంటే సెలవిచ్చియుండ రాత్రికిరాత్రి తీసివేయుట తగదని వారందురు. ఎండలో పనిచేసి యలసిన ఆరోగ్యవంతునికి అట్టి పానీయము కొంత హాయి నిచ్చునన్నది నిజమే. కాని అలసిన కూలివాడు వేఱు, విరేచనములతో శోషిల్లిన పసిబిడ్డ వేఱు. రెంటికి నొకపేరు తగదు.

తుదకు 2025 అక్టోబరు 14వ తేదీన ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారు 2022, 2024 సంవత్సరముల సెలవులను రెంటిని రద్దుచేసిరి. మఱునాడు, హెచ్చరిక వ్రాసినను వ్రాయకున్నను, ఏ ఆహారపానీయము పేరిటను ఆ మూడక్షరములు ఉండరాదని విశదపఱచిరి. తప్పుపేరు పెట్టినవారికి చట్టములోని 52వ సెక్షను ప్రకారము మూడులక్షల రూపాయల వఱకును, మోసపు ప్రకటనకు 53వ సెక్షను ప్రకారము పదిలక్షల వఱకును జరిమానా వేయవచ్చును. ఆ వార్త విని డాక్టరు శివరంజనిగారు కన్నీరు పెట్టుకొన్న దృశ్యమును దేశమంతయు చూచినది. మూడుదినములు గడువకమునుపే ఒక కంపెనీ ఢిల్లీ హైకోర్టున నుండి, తన విన్నపము విచారింపబడువఱకు చేతిలోని సరకు నమ్ముకొనునట్లు తాత్కాలికపు టుత్తరువు పొందినది. మరల ఆందోళన. విన్నపమును విచారించి ప్రాధికారసంస్థవారు త్రోసివేసిరి. మఱియొక కంపెనీ వేసిన అర్జీని ఆ నెల చివరనే హైకోర్టువారు నిరాకరించిరి. నవంబరులో అన్ని రాష్ట్రములకును తాకీదులు పోయినవి: దుకాణములనుండియు, ఫోనులో బేరము చేయు అంగళ్లనుండియు ఆ పెట్టెలను తీసివేయింపుడని.

తాకీదు ఢిల్లీలో వ్రాయుట సులభము. దానిని చెల్లింపవలసినవారు రాష్ట్రములలోని ఆహారభద్రతాధికారులు. హోటళ్లు, పాలకేంద్రములు, మిఠాయిదుకాణములు అన్నియు వారే చూడవలెను. పల్లెలోని కిరాణాకొట్టు అరమీద మిగిలిన పాతపెట్టెను వారెప్పుడు చూతురు? కావున కొన్ని గుర్తులు మనమే యెఱిగియుండుట మేలు. పదునాలుగు అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు నంబరు పెట్టెమీద నున్నచో అది ఆహారము, మందు కాదు. అసలు మందు పొట్లముమీద "ఐ.పి." యను నక్షరములుండును, భారత ఔషధప్రమాణగ్రంథము ననుసరించి చేసినదని దాని యర్థము. ప్రభుత్వ ఆసుపత్రులలోను, ఆశా కార్యకర్తలకడను ఈ పొట్లములు ఉచితముగనే దొరకును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్యసర్వేలో, విరేచనములు పట్టుకొన్న అయిదేండ్లలోపు బిడ్డలలో ఓ.ఆర్.యస్. త్రాగినవారు నూటికి 61 మంది మాత్రమే. తక్కినవారికి అదియును లేదు.

పొట్లమును సగము సగము కలుపరాదు. లీటరు పొట్లమును కాచి చల్లార్చిన లీటరునీటిలో నొక్కమాఱే కలిపి, ఇరువదినాలుగుగంటలలో వాడి, మిగిలినది పాఱబోయవలెను. రెండేండ్లలోపు బిడ్డకు ఒక్కొక్క విరేచనము తరువాత 50 మొదలు 100 మిల్లిలీటర్ల వఱకు చెంచాతో నెమ్మదిగ పట్టవలెను; అంతకు పైవయసువారికి 100 మొదలు 200. వాంతియైనచో పదినిమిషము లాగి మరల పట్టవలెను. చనుబాలు మానరాదు. పొట్లము దొరకనిచోట లీటరునీటికి ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి, కలుపవచ్చును. ఉప్పు హెచ్చిన ప్రమాదము. ఉప్పువేసిన పలుచని గంజియు, మజ్జిగయు మన నాయనమ్మలు పట్టినవే. డాక్టర్లిప్పుడు వానినే మెచ్చుచున్నారు. బిడ్డ మత్తుగా పడియున్నను, కన్నులు లోతుకుపోయినను, విరేచనములో నెత్తురు కనబడినను ఇంటివైద్యము మాని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఇతరపేర్ల సంగతియు కొంచెము కదలినది. 2024లో "హెల్తుడ్రింకు" అను వర్గము చట్టములో లేదనియు, ఆ పేర పాలలో కలుపు పొడులను అమ్మరాదనియు చెప్పిరి. నీరు కలిపి చేసిన రసమును "నూటికి నూఱుపాళ్లు పండ్లరస"మనరాదని ఆ యేడే శాసించిరి. చక్కెర, ఉప్పు, కొవ్వు హెచ్చైన తినుబండారముల ముందుభాగముననే గుర్తువేయు సంగతి మాత్రము 2022లో చిత్తుప్రతిగా వచ్చి, నక్షత్రములు వేయుటయా, హెచ్చరిక వేయుటయా యను వాదములో చిక్కి, 2025లో సుప్రీంకోర్టు గడువు పెట్టువఱకు వచ్చినది. చిలీ దేశమువా రీపని 2016లోనే చేసి, పెట్టెలమీద నల్లని ముద్రలు వేయించిరి. అక్షరములు రాని పిల్లయైనను ఆ ముద్రను గుర్తించును.

కొన్ని కంపెనీలు పేరు మార్చి, అదే పానీయమును అదే నారింజబొమ్మతో అమ్ముచున్నవి. దాని కిప్పుడు చట్టము అడ్డురాదు. మొన్న మార్గశిరమున పిల్లవానికి మరల కడుపు చెడగా నేనే ఆ దుకాణమునకు పోయితిని. ఓ.ఆర్.యస్. అడిగితిని. దుకాణదారు చేయి పైయరమీదికి పోయి, నడుమ నాగినది.

"పొట్లమా, పెట్టెయా అమ్మా?" అని యడిగెను.

"పొట్లమే బాబూ, రెండిమ్ము" అంటిని.