మాస్టారి కప్పు మీద రెండో కొమ్ము

సైన్సు మాస్టారి టేబుల్ మీదికి కొత్తగా వచ్చిన పింగాణీ కప్పును మీలో చాలామంది చూసే ఉంటారు. దాని మీద నల్లటి గీతలతో పాతకాలం ఖడ్గమృగం బొమ్మ ఉంది. ఒళ్లంతా ఇనప రేకులు బిగించినట్టు, కాళ్లకి చేప పొలుసులు అంటించినట్టు, ఎంతో శ్రద్ధగా గీసిన బొమ్మ. చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు. నాకూ రాలేదు.

వచ్చింది ఆరో తరగతి తమ్ముడికి. "ఏటన్నా, దీనికి మెడ వెనకాల ఇంకో కొమ్ముంది?" అన్నాడు. తొమ్మిదో తరగతివాణ్ని, తెలీదని ఎలా అంటాను? "ఆఫ్రికా ఖడ్గమృగానికి రెండు కొమ్ములుంటాయిరా" అని చెప్పేశాను. వాడు ఊరుకోలేదు. "ఆ రెండూ ముక్కు మీదే కదన్నా ఉంటాయి! ఇది భుజాల మధ్యన మొలిచింది. నేను చిన్నప్పట్నుంచి పశువుల్ని తోలినోణ్ని, అక్కడ కొమ్ము మొలిచిన జంతువుని ఎక్కడా చూళ్లేదు" అన్నాడు. అందరూ నన్ను చూసి నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, ఒక పుస్తకం చేతిలో పెట్టారు. అందులో చదివిందీ, ఆయన చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

ఆ జంతువు ఆఫ్రికాది కాదు, మన దేశానిదే. గుజరాత్ సుల్తాను రెండో ముజఫర్ షా దాన్ని పోర్చుగీసు గవర్నర్ అల్బుకర్క్‌కి కానుకగా ఇచ్చాడు. ఆయన గోవాలో ఓడ ఎక్కించి తమ రాజు మాన్యుయెల్‌కి పంపాడు. నాలుగు నెలలు సముద్రం మీద ప్రయాణించి 1515 మే 20న లిస్బన్‌లో దిగింది. వెయ్యేళ్లకు పైగా యూరప్ జనం బతికున్న ఖడ్గమృగాన్ని చూసి ఎరగరు. అందుకని ఊరంతా విరగబడి చూశారు. ఏనుగుతో పోట్లాడిద్దామని ఎదురుగా నిలబెడితే ఏనుగే పారిపోయిందట.

ఎవరో దాని బొమ్మ ఒకటి గీసి, ఉత్తరంతో పాటు జర్మనీకి పంపారు. నూరెంబర్గ్ పట్నంలో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే గొప్ప చిత్రకారుడు ఉండేవాడు. ఆయన జంతువుని చూడలేదు. ఆ ఉత్తరాన్నీ ఆ బొమ్మనీ చూసుకుని, అదే ఏడాది తన బొమ్మ గీసి చెక్క దిమ్మ మీద చెక్కించాడు. చర్మం ముడతలు ఆయన చేతిలో కవచం రేకులయ్యాయి. భుజాల మధ్య మెలితిరిగిన చిన్న కొమ్మొకటి మొలిచింది. బొమ్మ పైన రాసిన సంవత్సరం కూడా తప్పే, 1513 అని ఉంటుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. అదే 1515లో హాన్స్ బుర్గ్‌మయిర్ అనే ఇంకో చిత్రకారుడు కూడా ఈ ఖడ్గమృగాన్నే చెక్కాడు. అది నిజానికి దగ్గరగా ఉంటుంది. భుజం మీద కొమ్ము లేదు, ముందుకాళ్లకి బంధం కూడా కనిపిస్తుంది. దాని కాపీ ఒక్కటే మిగిలింది, వియన్నాలో ఉంది. డ్యూరర్ బొమ్మనైతే ఆయన పోయాక కూడా, దిమ్మ పగుళ్లిచ్చి పురుగు తొలిచేదాకా అచ్చు వేస్తూనే వచ్చారు. రెండొందల ఏళ్లకు పైగా యూరప్ పుస్తకాల్లో ఖడ్గమృగం అంటే అదే. 1730ల్లో మైసెన్ పింగాణీ కార్ఖానాలో చేసిన ఖడ్గమృగానికీ ఇదే నమూనా. తర్వాత మన దేశం నుంచే తీసుకెళ్లిన క్లారా అనే ఆడ ఖడ్గమృగాన్ని 1741 నుంచి 1758 దాకా ఊరూరా తిప్పి చూపించారు. జనం కళ్లారా చూశాక గానీ భుజం మీది కొమ్ము పుస్తకాల్లోంచి పోలేదు.

మొదటి ఖడ్గమృగం సంగతి అడుగుతారేమో. రాజు దాన్ని పోపుకి కానుకగా మళ్లీ ఓడ ఎక్కించాడు. 1516 మొదట్లో ఇటలీ దగ్గర తుపాను వచ్చి ఓడ మునిగింది. ఖడ్గమృగం బాగా ఈదగలదు. కానీ దాన్ని గొలుసులతో ఓడకి కట్టేసి ఉంచారు.

ఇక అంత పాత బొమ్మ కప్పు మీదికి ఎలా వచ్చిందంటే, పాత బొమ్మలకు ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు గనక కప్పులు చేసేవాళ్లకు అవి ఇష్టం. ముందు కప్పుని కాల్చి, గాజులాంటి పూత పూసి మళ్లీ కాలుస్తారు. బొమ్మని విడిగా ఒక కాగితం మీద అచ్చు వేస్తారు. ఆ రంగు మామూలు సిరా కాదు, లోహపు పొడులూ గాజుపొడీ కలిపి నూరింది. కాగితాన్ని నీళ్లలో నానబెడితే బొమ్మ పల్చటి పొరలా జారి వస్తుంది. దాన్ని కప్పుకి అతికి, దాదాపు 800 డిగ్రీల వేడిలో మూడోసారి కాలుస్తారు. అప్పుడు రంగు కరిగి పూతకి పట్టేస్తుంది. ఫొటో స్టూడియోలో వేసి ఇచ్చే కప్పులు వేరు. వాటి రంగు పైన పూసిన ప్లాస్టిక్‌లాంటి పొరలోనే ఉంటుంది, గట్టిగా తోమితే గీతలు పడతాయి. మాస్టారి కప్పు మొదటి రకం. బొమ్మ మీద వేలు పెడితే గీతలు కొంచెం ఉబ్బెత్తుగా తగులుతాయి.

చూడాలనుకున్నవాళ్లు సాయంత్రం ఆటల బెల్లు తర్వాత రండి, మాస్టారు చూడనిస్తానన్నారు. ఒకటే షరతు, రెండు చేతుల్తో పట్టుకోవాలి. కొమ్ము ఎక్కడుందో తెలియకపోతే ఆరో తరగతి తమ్ముణ్ని అడగండి.