పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలు అలుక్కుపోతున్నాయా? కొత్త ట్యాబ్ కొనేముందు ఈ రెండు టెస్టులు చేయండి

"మామా, 20 వేలలోపు డిస్‌ప్లే బాగుండే ట్యాబ్ ఒకటి చెప్పు. ఫోన్లో నోట్స్ చదువుతుంటే వత్తులు అస్సలు కనబడట్లేదు." అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ తెలుగు మీడియంలో గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్న ఫ్రెండ్ పెట్టిన మెసేజ్ ఇది. 20 వేలంటే వాడికి దాదాపు మూడు నెలల హాస్టల్ ఫీజు. అందుకే స్పెక్స్ లిస్ట్ పంపేముందు ఆ ఫైళ్లు నాకు పంపమన్నాను.

వాడి ఫోన్‌ది ఫుల్ హెచ్‌డీ ప్లస్ స్క్రీన్. అదే స్క్రీన్ మీద న్యూస్ సైట్లలో తెలుగు అద్దంలా కనిపిస్తోంది. అంటే డిస్‌ప్లేని అనుమానించాల్సిన పనే లేదు, సమస్య ఫైల్‌లో ఉంది. మీ ఫోన్లో కూడా అంతేనా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

మొదట పీడీఎఫ్ తెరిచి ఒక అక్షరాన్ని 400% వరకు జూమ్ చేసి, ఒక్క సెకను ఆగండి. అంచులు నున్నగా మారితే అది నిజమైన టెక్స్ట్. గళ్లు గళ్లుగా, చుట్టూ బూడిద రంగు మరకలతో ఉంటే అది ఫొటో. తర్వాత ఒక పదాన్ని సెలెక్ట్ చేసి కాపీ చేసి, నోట్స్ యాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వచ్చిందా, చుక్కలూ గీతలూ పెట్టిన ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయా, అసలు సెలెక్టే కాలేదా? జబ్బు ఏంటో దీంతో తెలిసిపోతుంది.

ఫ్రెండ్ పంపిన మూడు ఫైళ్లలో రెండు ఫొటోలే. ఎవరో పేజీలను ఫోన్‌తో తీసి, వాట్సాప్‌లో ఫొటోలుగా పంపితే, ఇంకెవరో వాటిని కలిపి పీడీఎఫ్ చేశారు. ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. 100 డీపీఐలో స్కాన్ చేస్తే వెడల్పు మొత్తానికి వచ్చేది 827 పిక్సెళ్లే. 10 పాయింట్ల అక్షరానికి ఎత్తులో సుమారు 14 పిక్సెళ్లు. అందులో కింద వత్తుకి దక్కేది నాలుగైదు! అదే 300 డీపీఐ అయితే అక్షరానికి 42 వస్తాయి. ఇంగ్లిష్‌కి 14 పిక్సెళ్లు ఎలాగోలా సరిపోతాయి, మనకి చాలవు. 'అర్థం', 'అర్ధం' మధ్య తేడా వత్తులో ఉన్న ఒక్క చుక్క. వాట్సాప్ ఫొటోని కుదించినప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ చుక్కే.

పోయిన చుక్క మళ్లీ రాదు. 2కే ట్యాబ్‌లో చూసినా ఆ మసక పెద్దగా కనిపిస్తుంది, అంతే. ఏఐతో ఫొటోని షార్ప్ చేస్తామనే యాప్‌లని చదువుకునే మెటీరియల్‌కి నేనైతే వాడను. అవి చుక్క ఉందో లేదో ఊహించి గీస్తాయి. పరీక్షలో ఆ ఊహకి మార్కులు పడవు కదా. చేయాల్సింది ఒకటే: మూలం పట్టుకోండి. కాగితం దొరికితే 300 డీపీఐలో, బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ కాకుండా గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి, వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపించుకోండి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ కుదించుకుపోదు.

మూడో ఫైల్ కథ వేరు. జూమ్ చేస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, కాపీ చేస్తే చెత్త. ఇది అను ఫాంట్ల మహిమ. పంజాగుట్ట, అమీర్‌పేట సందుల్లో ఏ డీటీపీ సెంటర్‌కి వెళ్లినా పేజ్‌మేకర్, దాని పక్కన అను స్క్రిప్ట్ మేనేజర్ ఇప్పటికీ కనిపిస్తాయి. యూనికోడ్ వాడకంలోకి రాకముందు పుట్టిన పద్ధతి ఇది. తలకట్టు, కొమ్ము, వత్తు లాంటి ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. మన కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం అర్థంలేని ఇంగ్లిష్. ఫాంట్‌ని పీడీఎఫ్‌లో ఎంబెడ్ చేస్తే చదవడానికి ఇబ్బంది లేదు. ఎంబెడ్ చేయకపోతే మీ ఫోన్ వేరే ఫాంట్ పెట్టేసి పేజీ అంతా పిచ్చిగీతలు చేస్తుంది. ఎంబెడ్ చేసినా సెర్చ్ పనిచేయదు, కంటిచూపు లేనివాళ్లకి టాక్‌బ్యాక్ చదివి వినిపించలేదు. 400 పేజీల మెటీరియల్‌లో 'శాతవాహనులు' అని వెతకలేకపోతే ఆ పీడీఎఫ్‌కీ కాగితానికీ తేడా ఏముంది?

కంప్యూటర్ ఉంటే అక్రోబాట్ రీడర్‌లో ఫైల్ తెరిచి కంట్రోల్, డి నొక్కండి. ఫాంట్స్ ట్యాబ్‌లో పేరు పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉందో లేదో చూడండి. లేకపోతే డీటీపీ వాళ్లని ఫాంట్లు ఎంబెడ్ చేసి మళ్లీ ఇవ్వమని అడగాలి. రెండు నిమిషాల పని, డబ్బులు అడగాల్సినంత పని కూడా కాదు. కొత్తగా టైప్ చేయించుకునేవాళ్లు మాత్రం మొహమాటపడకుండా "యూనికోడ్‌లో కావాలన్నా" అని చెప్పండి. పోతన, మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

సెర్చ్ కోసం ఒక దారి ఉంది. పీడీఎఫ్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఓసీఆర్ చేసి తెలుగు టెక్స్ట్ ఇస్తుంది. పెద్ద ఫైల్ అయితే ముక్కలు చేసి పెట్టండి. వత్తుల దగ్గర తడబడుతుంది కాబట్టి పేర్లు, తేదీలు ఒకసారి సరిచూసుకోండి.

ఇంకో రకం కూడా ఉంది. 'క్ష' రావాల్సిన చోట 'క్', 'ష' విడివిడిగా పడటం. బిల్లులు, సర్టిఫికెట్లు ఆటోమేటిగ్గా తయారుచేసే సైట్లలో ఇది మామూలే. బంజారా హిల్స్‌లో మా ఆఫీసులో కూడా ఇలాంటి బగ్ టికెట్ వస్తే ముందు ఫాంట్‌నే తిట్టుకుంటారు. కానీ పీడీఎఫ్ అనేది ఏ ఆకారాన్ని పేజీ మీద ఎక్కడ పెట్టాలో రాసుకున్న చిట్టా. హల్లులు కలిపి వత్తు చేసే పని ఫైల్ తయారయ్యేటప్పుడే జరిగిపోవాలి. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు ఆ పని చేయవు. ఐటెక్స్ట్‌లో దీనికోసం పీడీఎఫ్‌కాలిగ్రాఫ్ అనే యాడ్-ఆన్ విడిగా ఉంది. మన అక్షరాల కూర్పు అంత తేలిక కాదు లెండి, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కి సంబంధించిన ఒక కూర్పు ఐఫోన్లనే క్రాష్ చేసింది. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

డెవలపర్ల కోసం ఒక మాట: పేజీని హెచ్‌టీఎంఎల్‌లో తయారుచేసి హెడ్‌లెస్ క్రోమ్‌తో పీడీఎఫ్‌గా ప్రింట్ చేయండి. అక్షరాలు కూర్చే పని అందులో ఉన్న హార్ఫ్‌బజ్ చూసుకుంటుంది. తర్వాత పాప్లర్‌తో వచ్చే పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండ్ నడిపి, 'ఎంబ్', 'యూని' కాలమ్‌లు రెండింట్లో 'ఎస్' ఉంటేనే ప్రొడక్షన్‌కి పంపండి.