విలేకరి రాసిన కథానాయకుని కథ

సినీతారల జీవితచరిత్రలు రాసినవారిలో చాలామంది పత్రికల్లో పనిచేసినవారే. తెలుగులో అందుకు మంచి ఉదాహరణ ముళ్ళపూడి వెంకటరమణ గారు. 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి విస్తళ్ళు కుట్టి పిల్లల్ని సాకారు. చదువు ఎస్సెస్సెల్సీతో ఆగింది.

1950వ దశకంలో ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరి సినిమా వార్తలు, సమీక్షలు రాశారు. మనుషుల్ని అడిగి తెలుసుకోవడం, దాన్ని తేలిక మాటల్లో చెప్పడం ఆ ఉద్యోగంలో రోజూ చేసే పని. జీవితచరిత్రకు కావలసిందీ అదే. అలా అక్కినేని నాగేశ్వరరావు గారి జీవితాన్ని ‘కథానాయకుని కథ’గా రాశారు. అక్కినేని వారిదీ పెద్ద చదువు కాదు, నాటకాల్లో ఆడవేషాలతో మొదలైన బతుకే. తర్వాత రమణ గారు సినిమా రచయిత అయ్యారు. తన సొంత కథను ‘కోతి కొమ్మచ్చి’గా స్వాతి వారపత్రికలో రాసుకున్నారు. 2011లో కన్నుమూశారు.

పేరున్నవారి కథ రాయడానికి పదిమంది ఉంటారు. తెల్లవారకముందే పూర్ణా మార్కెట్‌లో మూటలు మోసే కళాసీల కథ, కూరగాయల గంప ముందు కూర్చునే అమ్మల కథ ఎవరు రాస్తారు? మనలో ఎందరమో అలాంటివారి బిడ్డలం. వారిని ఏం అడగాలో మనకే తెలుసు. వచ్చే వార్షిక సంచికకు తలా ఒక జీవితకథ రాసి తెద్దాం.