పాత కంప్యూటరులో ఇంటి కాగితములు

అనంతపురము జిల్లాలో కల్యాణదుర్గమునకు సమీపమున, కర్ణాటక సరిహద్దునకు చేరువగా కంబదూరు కలదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు మించి యెరుగని జిల్లా యిది. వాన తప్పిన యేట వేరుశనగ చేలు ఎండును. ఎండిన వెనుక బ్యాంకునకును, బీమావారి యొద్దకును, తహసీలుదారు కచేరికిని తిరుగవలసివచ్చును. ఎక్కడికి పోయినను ముందుగా అడుగునది కాగితము.

అట్టి కాగితముల నకళ్లు కొన్ని యిండ్లలో పాత కంప్యూటరునందు పడియున్నవి. పిల్లల చదువు నిమిత్తము ఇరువది యేండ్ల క్రిందట కొన్న పెట్టె అది. పిల్లలు బెంగుళూరునకో హైదరాబాదునకో తరలిపోయిరి, పెట్టె మిగిలినది. అందు పాసుపుస్తకము నకలున్నది, పెండ్లి ఫోటోలున్నవి, అవ్వ పాడుచుండగా ఎవరో కూర్చుండి ఎక్కించిన పాటలున్నవి. ఇల్లాలు వారమునకొకమారు ఎర్రదుమ్ము తుడుచును గాని, మీట నొక్కుటకు జంకును. ఏది నొక్కిన ఏది పోవునో యని భయము. ఏవి పోవునో ఏవి పోవో తెలిసికొన్నచో ఇందులో జంకవలసినది అంతగా లేదు.

ఇట్టి యంత్రములలో సాధారణముగా నుండునవి 1995 ఆగష్టులో వెలువడిన విండోస్ 95, 1998లో వచ్చిన విండోస్ 98, 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పి. ఒక్కొక్క కాగితము ఒక ఫైలు. ఫైళ్లను చేర్చియుంచునది ఫోల్డరు. భోషాణములో పెట్టె, పెట్టెలో బరిణె యున్నట్లు ఫోల్డరులో ఫోల్డరు ఉండవచ్చును. అంతకు పూర్వపు డాస్ కాలమున ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములే, తోకకు మూడే. విండోస్ 95 వచ్చిన తరువాత 255 అక్షరముల వరకు పేరు పెట్టుకొనుటకు వీలు కలిగెను. అయినను ‘కొత్తది’, ‘కొత్తది 2’ అని పేరు పెట్టువారికి ఆ సౌకర్యము వలన ఏమి ఫలము? ముందు సంవత్సరము, పిదప నెల, పిదప విషయము వ్రాయుడు: ‘2004-06 విత్తనముల రసీదు’. అన్నియు కాలక్రమమున తామే వరుసలో నిలుచును. తేదీల నడుమ ఏటవాలు గీతను మాత్రము పేరులో వాడరాదు, యంత్రము ఒప్పుకొనదు. అడ్డుగీత చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి చెప్పెదను. కంటికెదురుగా కనబడు డెస్క్‌టాపుపై దాచినది భద్రమని పెక్కుమంది తలంతురు. అది వాకిటి అరుగువంటిది. ఎక్స్‌పిలో డెస్క్‌టాపును, ‘మై డాక్యుమెంట్స్’ అను ఫోల్డరును మామూలుగా ‘సి’ డ్రైవులోనే యుండును. యంత్రము మొరాయించినప్పుడు మరమ్మతుకు వచ్చినవాడు ‘సి’ని తుడిచి విండోస్‌ను మరల ఎక్కించునెడల, ఆ రెండును దానితో పోవును. కావున మరమ్మతుకు ఇచ్చుటకు ముందే వానిని ‘డి’ డ్రైవులోనికి నకలు చేయవలెను. అయితే సామాన్యముగా ‘సి’, ‘డి’ రెండును ఒకే డిస్కులోని రెండు గదులు. డిస్కే చెడినచో రెండును పోవును. మరియొక నకలు బయట ఉండి తీరవలెను. ఎక్స్‌పి యైనచో పెన్‌డ్రైవును దానంతట గుర్తించును. విండోస్ 98 గుర్తించుటకు వేరుగా డ్రైవరు కావలెను.

తుడిచివేసిన ఫైలు వెంటనే నశింపదు. రీసైకిల్ బిన్‌లో పడియుండును. అందుండి ‘రిస్టోర్’ చేసినచో మునుపటి చోటికే తిరిగివచ్చును. కాని షిఫ్ట్ మీటతో కలిపి డిలీట్ నొక్కినను, ఫ్లాపీనుండియో పెన్‌డ్రైవునుండియో తుడిచినను ఆ బుట్టలో పడక నేరుగా పోవును. అట్లు పొరబాటున పోయినప్పుడు ఆ డిస్కుపై మరేదియు వ్రాయక అంతటితో యంత్రమును ఆపుడు. ఆ జాగాలో క్రొత్తది పడువరకు పాతది మిగిలియే యుండును గనుక, తెలిసినవారు వెలికితీయుట కలదు.

సెట్టింగులలో రెండు చాలును. కంట్రోల్ పానెల్‌లో ప్రాంతపు అమరిక అమెరికాగా నున్నచో 04-06 అనునది ఏప్రిలు ఆరుగా చూపబడును. మనకది జూను నాలుగు. దానిని ఇండియాకు మార్చుడు. ఇక రెండవది ఫైలు తోక. మామూలుగా విండోస్ ఈ తోకను దాచియుంచును. 2000 మే నెలలో లోకమును కలవరపెట్టిన ‘ఐ లవ్ యూ’ వైరసు ఈ మరుగునే ఆధారము చేసికొన్నది. ఉత్తరమువలె కనబడినది, నిజమైన తోక వేరు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘వ్యూ’ అను చోట ఆ దాపరికమును తీసివేయవచ్చును.

ఇక తెలుగు సంగతి. అవ్వ పాటల ఫైలును మరియొక యంత్రములో తెరచినచో ఇంగ్లీషు అక్షరములును, అర్థములేని గుర్తులును కనబడును. ఫైలు చెడినదని తలంచి తుడిచివేయకుడు! ఆ కాలపు తెలుగు ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరపు ముక్కలను కూర్చినవి. తలకట్టొకచోట, ఒత్తొకచోట. ఆ ఫాంటే లేనిచోట ముసుగు తొలగి ఇంగ్లీషు బయటపడును. ఏ ఫాంటున కా ఫాంటే తాళపుచెవి. కావున పాత యంత్రములోని ‘ఫాంట్స్’ ఫోల్డరునుండి ఆ ఫాంటు ఫైలును, పాటల ఫైలుతో కూడ నకలు చేసికొనవలెను. ఈ పని పాత పెట్టె పనిచేయుచుండగానే కావలెను. పెట్టెను తూకమునకు అమ్మిన వెనుక ఆ తాళపుచెవిని వెదకుట కష్టము.

తెలుగునకు ప్రతి అక్షరమునకును నిలుకడైన సంఖ్య నిచ్చిన యూనికోడు 1991లోనే వచ్చెను గాని, విండోస్‌లో దాని ననుసరించు గౌతమి ఫాంటు ఎక్స్‌పితోనే వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన ఫాంటులును ఈ పద్ధతివే. ఎక్స్‌పిలో ‘రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్’ తెరచి, భాషల పుటలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ అనుదానికి గురుతు పెట్టినచో తెలుగు సరిగా కూడును. అందులకు విండోస్ సి.డి. చేత నుండవలెను. పాత ఫాంటు పాటలను యూనికోడులోనికి మార్చినచో ఇప్పటి చేతిఫోనులోను చదువుకొనవచ్చును. మార్చిన పిదప ఒకమారు అవ్వ యెదుట చదివి సరిచూచుకొనుట మేలు. ఒత్తులు తారుమారగుట కద్దు.

ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ వారు రక్షణ సవరణలు పంపుట 2014 ఏప్రిలు 8తో ముగిసినది. దానిని అంతర్జాలమునకు తగిలింపకుడు. బయటనుండి తెచ్చిన పెన్‌డ్రైవులతోను వైరసు వచ్చుచుండును. పెట్టునప్పుడు షిఫ్ట్ మీటను నొక్కిపట్టినచో అందలి కార్యక్రమము తనంతట తాను మొదలుగాదు. పిదప వైరసు పరీక్ష చేసి, కావలసిన ఫైలును మాత్రమే తెరువుడు.