నాలుగు స్టేషన్ల జట్టు

రేపల్లెలో ఇరవై ఏళ్లు కేబుల్ టీవీ నడిపాను. 1993లో రెండు డిష్‌లు, ఒక వీసీఆర్, రెండు చుట్టల కోయాక్సియల్ వైరుతో మొదలైన వ్యాపారం. ఊళ్లో నా పేరు చాలామందికి తెలీదు, ‘కేబులాయన’ అంటే తెలుస్తుంది. వ్యాపారం వదిలేసినా బుద్ధి మారలేదు. ఎవరింట్లో టీవీ పెట్టినా బొమ్మ సంగతి తర్వాత, అది ఏ దారిన వచ్చిందా అని ముందు చూస్తాను.

2009 అక్టోబరులో మొదటిసారి అమెరికా వెళ్లాం. నార్త్ కరోలినాలోని షార్లట్‌లో మా అమ్మాయి ఉంటుంది. ఒక శనివారం మధ్యాహ్నం అల్లుడు ఏబీసీ ఛానెల్ పెట్టాడు. ఫుట్‌బాల్. మనం తన్నే ఆట కాదు లెండి. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకు మెత్తలు కట్టుకుని, కోలబంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ఇస్తారు, లేకపోతే బంతి అవతలి జట్టుకి పోతుంది. ఇంత తెలిస్తే చూడొచ్చు. ఆడేదంతా యూనివర్సిటీ కుర్రాళ్లు.

అంతలో డల్లాస్ నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. వాడూ ఏబీసీయే చూస్తున్నాడట. స్కోరెంతరా అంటే నాకు తెలియని జట్ల పేర్లు చెప్పాడు. ‘ఛానెల్ అదే పెదనాన్నా, మ్యాచ్ వేరు. ఇక్కడ మా వైపు వాళ్లది వేస్తారు, మీకు మీ వైపు వాళ్లది’ అన్నాడు.

నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదంటే మా ఆవిడ నవ్వింది. మనకు ఛానెల్ అంటే ఆకాశం నుంచి దిగే ఒకే ఫీడు. శ్రీనగర్‌లో డిష్ పెట్టినా రేపల్లెలో పెట్టినా అదే బొమ్మ. అక్కడ ఏబీసీ, సీబీఎస్ లాంటి నెట్‌వర్కులకు ఊరూరా స్టేషన్లుంటాయి. ఒకే సమయంలో రెండు మూడు మ్యాచ్‌లు తీసి, ఏ స్టేషనుకు ఏది పంపాలో దేశపటం మీద గీసుకునేవాళ్లు. గీతకు ఇవతల ఇల్లుంటే ఒక ఆట, అవతల ఉంటే ఇంకొకటి. ఆ వారం మ్యాప్ ఎలా వస్తుందోనని అభిమానులు ఎదురుచూసేవాళ్లట. ప్రాంతీయ ప్రసారం అంటే ఇదీ.

తర్వాత అల్లుడి చేత అడిగించీ, చదివించీ తెలుసుకున్నాను. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ మొదటిసారి టీవీలో వచ్చింది 1939 సెప్టెంబరు 30న. న్యూయార్కులో ఫోర్డమ్ జట్టు వేన్స్‌బర్గ్ జట్టును 34–7తో ఓడించింది. చూసినవాళ్లు ఎంతమందో గానీ, పదేళ్లు తిరిగేసరికి కాలేజీలకు గుబులు పట్టుకుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ తన సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లన్నీ టీవీకి ఇచ్చేసేది. ఇంట్లో కూర్చుని చూసేవాడు టికెట్ ఎందుకు కొంటాడు? కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 1951లో పగ్గాలు తన చేతిలోకి తీసుకుంది. వారానికి ఎన్ని మ్యాచ్‌లు చూపాలో, ఒక జట్టును ఎన్నిసార్లు చూపాలో అంతా వాళ్లే చెప్పాలి.

ఆ భయం నాకు బాగా అర్థమవుతుంది. కొత్త సినిమా క్యాసెట్ మేము రాత్రిపూట కేబుల్లో వేసిన రోజుల్లో మా ఊరి హాలు యజమాని ఇంటికొచ్చి నానా మాటలూ అని వెళ్లాడు. తప్పు మాదే, కాదనను.

ఆ కట్టుబాటు ముప్పై ఏళ్లకు పైగా సాగింది. 1981లో ఒక వారాంతం జరిగింది వినండి. ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా జట్ల మ్యాచ్ 200కు పైగా స్టేషన్లలో వచ్చింది. అదే వారాంతం సిటడెల్, అపలాచియన్ స్టేట్ మ్యాచ్ వచ్చింది నాలుగంటే నాలుగు స్టేషన్లలో. నాలుగు జట్లకూ ముట్టిన డబ్బు మాత్రం సమానం. ఓక్లహోమాకు కడుపు మండదా మరి? జార్జియా యూనివర్సిటీతో కలిసి కోర్టుకెక్కింది. 1984 జూన్ 27న సుప్రీంకోర్టు 7–2 తేడాతో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఈ కట్టడి పోటీ చట్టానికి విరుద్ధం, ఎవరి మ్యాచ్ వాళ్లు అమ్ముకోవచ్చు అంది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకాయన జస్టిస్ బైరన్ వైట్. ఆయన స్వయంగా కొలరాడో యూనివర్సిటీ తరఫున ఆడి పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ వీరుడు. ఆట తెలిసినవాడే వద్దన్నాడు. చట్టం సంగతి నాకు తెలీదు గానీ నా ఓటు వైట్‌కే. పెద్ద మేడకూ పెంకుటింటికీ నేనూ ఒకే రేటు వసూలు చేసినవాణ్ణి.

ఆ తర్వాత అమ్మకాలు కాన్ఫరెన్సుల చేతికొచ్చాయి. కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి కట్టుకున్న కూటమి. బేరం బాగా కుదరడంతో వాళ్లే ఛానెళ్లు పెట్టుకున్నారు. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ వాళ్ల బిగ్ టెన్ నెట్‌వర్క్ 2007 ఆగస్టు 30న మొదలైంది. చందాదారు తలకి నెలకి ఇంత ఇవ్వాలంది, పెద్ద కేబుల్ కంపెనీలు కుదరదన్నాయి. ఈ పేచీ నాకు కొట్టిన పిండి. పే ఛానెల్ వాళ్ల మనిషి కనెక్షన్లెన్ని అని అడిగితే, తొమ్మిది వందలున్న చోట మూడు వందలని రాసిచ్చేవాళ్లం. అతనికీ తెలుసు. టీ తాగి, నాలుగు వందల దగ్గర సంతకం పెట్టించుకుని పోయేవాడు.

అక్కడ టీ లేదు కాబోలు, బేరం తెగలేదు. ఛానెల్ పుట్టి రెండు రోజులైనా గడవకుండా, సెప్టెంబరు 1న, దేశంలో అయిదో ర్యాంకులో ఉన్న బిగ్ టెన్ జట్టు మిషిగన్ మీదికి ఒక కొండప్రాంతపు కాలేజీ ఆడటానికి వచ్చింది. ఓడిపోతారన్న ధీమాతో నాలుగు లక్షల డాలర్లిచ్చి పిలిపించుకున్న జట్టు. అది 34–32తో గెలిచింది, ఆఖరి క్షణాల్లో మిషిగన్ తన్నిన బంతిని అడ్డుకుని మరీ. లక్ష మందికి పైగా స్టేడియంలో నోళ్లు తెరుచుకుని చూశారు. మ్యాచ్ వేసింది ఆ కొత్త ఛానెలే, మిషిగన్ రాష్ట్రంలోనే చాలా ఇళ్లలో మాత్రం అది రాలేదు. గెలిచింది ఎవరనుకున్నారు? అదే అపలాచియన్ స్టేట్. మన నాలుగు స్టేషన్ల జట్టు.

ఆ కాలేజీ షార్లట్‌కు రెండు గంటల దూరంలో, బూన్ అనే కొండ ఊళ్లో ఉంది. మా మనవడు అక్కడే చేరాడు. అప్పటికి వాళ్ల సొంతూరి మ్యాచ్‌లు చాలావరకు ఈఎస్‌పీఎన్ ప్లస్ అనే చందా సేవలో, యాప్ ద్వారా వచ్చేవి, ప్రసారం పనిలో విద్యార్థులూ చేయి వేసేవాళ్లు. వాడి పని, పక్కగీత వెంట పరుగెత్తే కెమెరామన్ వెనకాల వైరు కాళ్లకు తగలకుండా లాగడం. ‘కేబులాయన మనవడివి అనిపించావురా’ అన్నాను. సెలవులకు వచ్చినప్పుడు గరాజ్‌లో వైరు చుట్టి చూపించాను, అరచేతికీ మోచేతికీ మధ్య గబగబా, మా కుర్రాళ్లకు నేర్పినట్టే. ‘అలా చుడితే లోపల మెలిపడుతుంది తాతయ్యా’ అని లాక్కున్నాడు. ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట కిందనుంచి మార్చి మార్చి వేశాడు. ఒక కొస పట్టుకుని విసిరితే వైరంతా ముడి లేకుండా పరుచుకుంది. ఇరవై ఏళ్లు ఎన్ని వైర్లు పాడుచేశానో!

2022 సెప్టెంబరు 17న బూన్ వెళ్లాను. వారం ముందు టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టును వీళ్లు 17–14తో ఓడించారు, ఆ ఊపుకి క్రీడల ఛానెల్ ఈఎస్‌పీఎన్ వాళ్లు వారానికో చోటు నుంచి నడిపే గేమ్‌డే కార్యక్రమం తొలిసారి ఆ కొండెక్కింది. పొద్దున దేశమంతా బూన్‌ను చూసింది. మధ్యాహ్నం ట్రాయ్ జట్టుతో మ్యాచ్ మాత్రం డబ్బు కట్టిన వాళ్లకి యాప్‌లో.

స్టేడియంలో నాకు మొదట అయోమయం. టీవీలో పది గజాల గమ్యం చూపే పసుపు గీత కోసం వెతికాను. అది గడ్డి మీద ఉండదు, దాన్ని కంప్యూటరే టీవీ తెర మీద గీస్తుంది. ఆట మధ్యలో ఒకతను ఎర్రటోపీతో పక్కగీత దగ్గరకొచ్చి నిలబడితే అందరూ ఆగిపోతున్నారు. ప్రకటనలు నడుస్తున్నాయన్నమాట. ఇంట్లో వాళ్లు సబ్బుల ప్రకటనలు చూస్తుంటే ముప్పై వేల పైచిలుకు జనం గాలికి నిలబడి ఎదురుచూడాలి.

ఆఖరికి ట్రాయ్ 28, మనవాళ్లు 26. మిగిలింది ఒకే ప్రయత్నం. అప్పుడే షార్లట్ నుంచి మా ఆవిడ ఫోన్ చేసింది, మనవడు తెరమీద కనిపిస్తాడేమోనని యాప్ ముందు కూర్చుందట. మనవాళ్ల ఛేస్ బ్రైస్ బంతిని గాల్లోకి విసిరాడు. గుంపులో ఎవరి చేతికో తగిలి చెదిరిన బంతి మన క్రిస్టియన్ హార్న్‌కే దొరికింది, అతను ఆఖరి గీత దాటాడు. 32–28. జనం కంచె దూకి మైదానంలోకి పరుగు. నేను ఫోన్ సంగతి మరచి అరుస్తున్నాను. యాప్‌లో బొమ్మ అర నిమిషం వెనక నడుస్తుందని నాకు తెలియనిది కాదు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే మా ఆవిడ అంటోంది: ‘ఎందుకండీ ఆ కేకలు? ఇక్కడ ఇంకా బంతి విసరనే లేదు!’